తూర్పుకు వంగిన గొడుగు

మీరు కొన్న గొడుగు ఎలా ఉంది, ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఫోన్ అడుగుతూనే ఉంది. పదిరోజులకోసారి అడుగుతుంది. ఐదు స్టార్లు వరసగా ఉంటాయి, వాటి కింద నాలుగు మాటలు రాయడానికి చోటు. నిన్న ఆఫీసులో ఫైలు చూస్తుంటే మళ్లీ వచ్చింది. తీసేశాను.

ఆ గొడుగు నేను నాకోసం కొన్నది కాదు. ఇక్కడ క్రీకు అని పిలిచే సముద్రపు పాయ గట్టున పగలంతా కూర్చుని గాలం వేసే ఒక మనిషి కోసం వెతికి, ఎంచి తెప్పించాను. ఆయన దాన్ని తొమ్మిది వారాలు వాడాడు. మార్చిలో ఒక శనివారం దాని కిందే చనిపోయాడు. ఆ రోజు నేను ఆ దారిన రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ గొడుగు తూర్పుకే వంగి ఉంది. రెండోసారి అది అలా ఉండకూడదని నాకు తెలుసు. అయినా ఆగలేదు. ఈ సంగతి ఆయన భార్యకు చెప్పాలా వద్దా అన్నది చాలా రోజులు తేలలేదు.

నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆవిడను పిన్నీ అని. చుట్టరికం లేదు. డాలీగంజ్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల వాళ్లిల్లు. ఆయన ఫెర్రీ బోటు నడిపే సారంగ్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరినుంచి వేట కోసం ఈ దీవులకు వచ్చినవాడు. ఆ ఊరు బాబాయ్ జీవితంలో రెండుసార్లే చూశాడు. కానీ ఆ ఊరి నియమాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

వాటిలో ఒకటి నేను తెలియక తప్పాను. మా పరిచయం అలాగే మొదలైంది.

ఆరేళ్ల కిందట ఒక ఆదివారం క్రీకు పక్క రోడ్డున నడుస్తున్నాను. గట్టు మీద పళ్ల బండ్ల దగ్గర ఉండేలాంటి పెద్ద గొడుగు, దాని కింద పీట మీద ఆయన. చేతిలో నైలాన్ తాడు, పక్కన తాడు చుట్టిన నీళ్ల సీసా. కర్ర లేదు. ఇక్కడ ఇలాంటి ఉత్త తాడు గాలాన్ని డోరీ అంటారు. పలకరింపుగా వెనకనుంచి కేకేశాను, "ఏం పడ్డాయి బాబాయ్?" అని.

ఆయన వెనక్కి తిరగలేదు. తాడు లాగి, సీసాకు చుట్టి, పీట మడిచి, గొడుగు దించి భుజాన వేసుకుని, నావైపు చూడకుండానే నా ముందునుంచి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్న మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నిన్న అరిసింది నువ్వేనా?"

"అవును."

"గాలం నీట్లో ఉన్నోడ్ని ఎనకనుంచి కేకెయ్యకూడదు. మీ ఇంట్లో ఎవులూ సెప్పలేదా?"

"మా నాన్నది ఆఫీసు ఉద్యోగం బాబాయ్. మాకు చేపలు మార్కెట్లోనే తెలుసు."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అదీ సంగతి. సలో, మాఫ్ కియా. టీ ఉందా?"

అలా కేకేస్తే ఆ రోజు ఇక వేట లేదు. ఆయనకు అది నమ్మకం కూడా కాదు, పద్ధతి. ఎర్రలైటు దగ్గర బండి ఆపినట్టు. గాలం వేసినవాడి దగ్గరికి పక్కగా రావాలి. మన నీడ ముందు ఆయన కంట పడాలి. పది అడుగుల దూరంలో కూర్చోవాలి. ఆయన మాట్లాడేదాకా మాట్లాడకూడదు. పిన్ని మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి అలాగే కూర్చునేది. ఒక్కోసారి అన్నం చల్లారిపోయేది. "ఈ మనిసికి ఇంట్లో నోరు, గట్టు మీద మవునం. అటూ ఇటూ అయితే బాగుణ్ణు," అని నాతో అనేది, అదీ గొంతు తగ్గించి.

ఆయన మాత్రం చేపలతో మాట్లాడేవాడు. హిందీలో. "ఆజా బేటా, ఆజా. షర్మా మత్," అని నీళ్లవైపు వంగి, సిగ్గుపడకుండా రమ్మని నెమ్మదిగా బతిమాలేవాడు. మనుషులతో తెలుగు, చేపలతో హిందీ ఎందుకని అడిగాను.

"అయి లోకల్ బోర్న్ కదా. తెలుగు రాదు."

"నువ్వూ లోకల్ బోర్నే కదా బాబాయ్?"

"నాకొచ్చింది మా అమ్మ పున్నెం. సేపకి అమ్మ ఎక్కడుంది, గుడ్డెట్టి ఎల్లిపోద్ది."

ఆయన తెలుగు చదవలేడు. బడిలో హిందీ చదివాడు, అదీ ఐదో తరగతిదాకా. ఆదివారాలు మా వరండాలో కూర్చుని నేను చదువుతున్న పుస్తకం ఏదైనా సరే ఒక పేజీ పైకి చదివించుకునేవాడు. ముందేం జరిగిందో అడిగేవాడు కాదు, తర్వాతేం జరుగుతుందో అడిగేవాడు కాదు. పేజీ అయిపోగానే, "ఊఁ, ఆడు అన్నదాంట్లో తప్పులేదు," అనో, "ఈడికి పని లేదు," అనో తీర్పు చెప్పి లేచిపోయేవాడు. ఆ తీర్పులు ఎక్కువగా సరైనవే.

ఆ క్రీకు ఒడ్డున నీడ లేక కాదు గొడుగు. మడచెట్ల కింద కావలసినంత నీడ ఉంది. సునామీ తర్వాత నేల కుంగి, పొలాల్లో ఉప్పునీళ్లు నిలిచిపోయి, మడచెట్లు రోడ్డుదాకా వచ్చేశాయి. వాటితోపాటు మొసళ్లూ వచ్చాయి. మొసలి బొమ్మతో హెచ్చరిక బోర్డు ఉంది. ఆయన దాన్ని చదవక్కర్లేదు. "నీడున్న కాడ మగర్ ఉంటది. మగర్ లేని కాడ ఎండుంటది. రెండిట్లో ఎండే నయం. ఎండకి పళ్లు లేవు," అనేవాడు. నీళ్లకు నాలుగు బారల దూరంలో, ఎత్తుగా, చెట్టూ పొదా లేనిచోటే కూర్చునేవాడు. అలాంటిచోట పగలంతా కూర్చోవాలంటే గొడుగు తప్పదు.

ఆ పాత గొడుగు ఇనపకాడది. రెండు ముక్కలు. మోస్తే భుజం కాయ కాసేది. బస్సు దిగి గట్టుదాకా దాన్ని మోసుకెళ్లేవాడు. కిందటేడు వానలు తగ్గే రోజుల్లో ఛాతీలో నొప్పి వచ్చింది. మద్రాసు తీసుకెళ్లి స్టెంట్ వేయించారు. బరువులు ఎత్తకూడదన్నారు. ఆయన ఇంకా మద్రాసులో ఉండగానే, ఇల్లు చూడ్డానికి ముందు వచ్చిన పిన్ని ఆ గొడుగును జంక్షన్‌లో కొబ్బరిబోండాల వాడికి ఇచ్చేసింది.

ఆయన తిరిగొచ్చి ఆ సంగతి తెలుసుకుని ఇంట్లో ఏమీ అనలేదట. కానీ రోజూ జంక్షన్‌కు వెళ్లేవాడు. బోండాల వాడి దగ్గర నిలబడి గొడుగువైపు చూసేవాడు.

"భయ్యా, ధూప్ కిధర్ హై?"

బోండాల వాడు కత్తి ఆపి పైకి చూసేవాడు. "ఉధర్."

"తో ఛత్రీ ఇధర్ క్యోఁ?"

ఎండ అటుంటే గొడుగు ఇటెందుకని అడిగి, తనే కాడ పట్టుకుని ఎండకు ఎదురుగా వంచి, ఇటుకలు సర్ది, వెళ్లిపోయేవాడు. రెండు గంటలాగి మళ్లీ వచ్చి మళ్లీ తిప్పేవాడు. ఆ బండివాడు నాతో ఒకసారి అన్నాడు, సాబ్‌కు జీతం ఇవ్వాలేమో అని.

గొడుగు తిప్పడం ఆయనకు అంత ముఖ్యం. మా దీవుల్లో సూర్యుడు గడియారం మాట వినడు. దేశమంతటికీ ఒకటే టైము కాబట్టి ఇక్కడ ఐదింటికే తెల్లారుతుంది, పదకొండున్నరకే ఎండ నడినెత్తికి వస్తుంది. అప్పటిదాకా గొడుగు తూర్పుకు వంచి ఉంచాలి, తర్వాత నిటారుగా, పన్నెండు దాటితే పడమటికి. ఆయన గడియారం చూడకుండా తిప్పేవాడు. మోకాలి మీద ఎండ పడితే చేయి దానంతటదే కాడ మీదికి వెళ్లేది. బోటు చుక్కాని పట్టిన చేయి అది.

నవంబరులో ఒక సాయంత్రం మా వరండాకు వచ్చి కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద జారుతోంది.

"నెట్‌లో సూడు బాబు. తేలికది గావాల."

"ఎంత తేలిక?"

ఆలోచించాడు. "ఒక సేతిలో గొడుగు, ఒక సేతిలో సేపలు. రెండూ సమానంగా ఉండాల."

"నీకు చేపలు ఎప్పుడూ అంత పడవు కదా."

"అందుకే అంత తేలికది అంటన్నాను."

పది సాయంత్రాలు వెతికాం. నేను ఆ పది సాయంత్రాల్లో గొడుగుల గురించి నేర్చుకున్నంత ఆఫీసులో ఏడాదిలో నేర్చుకోలేదు. వెడల్పు ఎక్కువైతే గాలికి ఎగురుతుంది, మధ్యాహ్నం క్రీకులో గాలి లేస్తుంది కాబట్టి. మరీ తక్కువైతే కాళ్లు ఎండలో ఉంటాయి. పైన గాలి పోవడానికి రెండో పొర ఉండాలి. ఉక్కు ఊచలు ఉప్పుకు ఆరునెలల్లో తుప్పు పడతాయి, ఫైబర్‌వి కావాలి. కాడ చివర బురదలో దిగే మొన ఉండాలి. నల్లరంగు వేడి. వెండిరంగు లోపలి పూత ఉన్నవి ఆయన చూడనుకూడా లేదు, "నీట్లో మెరుపు పడితే కొయ్యంగ సేప పారిపోద్ది," అన్నాడు. ముదురాకుపచ్చ ఒక్కటే మిగిలింది.

కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు ఇంగ్లీషులో ఉంటే నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన వాళ్లతో ఎదురుగా ఉన్నట్టే వాదించేవాడు.

"ఈయన బెంగళూరు. చెరువు దగ్గర రెండు నెలలు వాడాడట, తుప్పు పట్టలేదట."

"సెరువా? మంచినీళ్లోడు. ఆడి మాట మనకెందుకు? పక్కోడ్ని సదువు."

"ఈయన పెరట్లో కుర్చీ మీద పెట్టుకున్నాడట."

"పెరట్లోనా! ఇంట్లోకెల్లి కూకోమను."

తీరా ఒకటి కుదిరిందనుకుని మా పిన్‌కోడ్ కొడితే, ఈ ప్రాంతానికి పంపము అని వచ్చేది. పిన్‌కోడ్ కొట్టగానే సగం గొడుగులు మాయమయ్యేవి. చివరికి రెండు మిగిలాయి. ఒకటి వెడల్పయినది, పక్కలకు తెరలు కూడా ఉన్నాయి, బరువు రెండున్నర కేజీలు. రెండోది చిన్నది, కేజీ మీద కొంచెం. దాని కాడ మధ్యలో మీట ఉంది, నొక్కితే ఎటు కావాలంటే అటు వంగుతుంది. ఆయన మొదటిదానివైపు మొగ్గాడు. నేను రెండోది అన్నాను. డాక్టరు చెప్పింది గుర్తుచేశాను. మీట గురించి చెప్పాను, కాడ పెరికి మళ్లీ పాతనక్కర్లేదు, కూర్చున్నచోటే తిప్పుకోవచ్చు అని. ఆయన చాలాసేపు బొమ్మవైపు చూశాడు.

"సరే, నీ మాట. నువ్వు సదువుకున్నోడివి."

ఆ మాట ఆయన ఎప్పుడూ వెక్కిరింపుగానే అనేవాడు. ఆ రోజు మాత్రం వెక్కిరించలేదు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతుంటే పిన్ని గేటు దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ నేరుగా లోపలికి వచ్చేసే మనిషి, ఆ రోజు గేటు పట్టుకుని నిలబడింది.

"గొడుగు కొంటన్నావంట."

"అవును పిన్నీ. తేలికది."

"కొనకు బాబు. బరువైంది లేదని ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్నాడు. తేలికది ఇస్తే ఒక్కడే ఎల్లిపోతాడు. దూరం ఎల్తాడు."

"ఇంట్లో కూర్చుంటే ఇంకా చిక్కిపోతున్నాడు పిన్నీ. రోజంతా బోండాల బండి దగ్గర తిరుగుతున్నాడు. చూస్తున్నావు కదా."

"బండి కాడుంటే పదిమంది సూత్తారు. పడితే లేపుతారు. గట్టు మీద ఎవులున్నారు?"

ఒక మనిషి దగ్గర ఆయన పని తీసేస్తే మిగిలేదేమిటి అని ఏదో అన్నాను. పుస్తకాల్లో చదివిన మాటలాంటిది. ఆవిడ విన్నది. వాదించలేదు.

"నువ్వు ఆఫీసు పనిమీద అటు ఎల్తావు కదా. ఎల్లినప్పుడల్లా సూడు. సూత్తానని మాటియ్యి."

"చూస్తాను పిన్నీ."

ఆ రోజే ఆఫీసులో కూర్చుని ఆర్డరు పెట్టాను.

ఓడలో వచ్చేసరికి నెల దాటింది. ఆయన డబ్బా విప్పి గొడుగును ఒంటివేలి మీద ఎత్తి పట్టుకున్నాడు. "ఇది ఎత్తితే ఏటీ ఎత్తినట్టు లేదు," అన్నాడు. మెచ్చుకుంటున్నాడో అనుమానపడుతున్నాడో తెలియలేదు. ముందుగదిలోనే తెరవబోతే, ఇంట్లో గొడుగు విప్పకూడదని పిన్ని అరిచింది. అందుకని డాబా మీదికి పట్టుకెళ్లాడు. ఇసుక బకెట్లో పాతి, కింద పీట వేసుకుని, పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడుదాకా దాని కింద కూర్చున్నాడు. నీడ ఎంతవరకు పడుతోందో సుద్దముక్కతో గంటకోసారి గీత గీశాడు. టేబుల్ ఫ్యాను తెప్పించి గాలి పెట్టాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి డాబా అంతా అర్ధచంద్రాకారపు గీతలు.

"పాస్," అన్నాడు.

పిన్ని భయపడినట్టే జరిగింది. పాత గొడుగు రోజుల్లో బస్సు దిగిన చోటికి దగ్గరలోనే కూర్చునేవాడు, మొయ్యలేక. ఇప్పుడు కల్వర్టు దాటి, గట్టు వంపు తిరిగే చోటిదాకా వెళ్లేవాడు. అక్కడ చేపలు బాగా పడతాయి. అక్కడినుంచి రోడ్డు తూర్పున ఉంటుంది, నూటయాభై గజాల దూరంలో. పొద్దున్న గొడుగు తూర్పుకు వంగి ఉంటుంది కాబట్టి రోడ్డునుంచి చూస్తే ఆకుపచ్చ గుడ్డ తప్ప మనిషి కనబడడు. మధ్యాహ్నం పడమటికి తిప్పాక ఆయన వీపు, పీట, పక్కన సంచీ కనబడతాయి. నేను ఆ తొమ్మిది వారాల్లో ఏడెనిమిదిసార్లు ఆ దారిన వెళ్లాను. చూశాను. సాయంత్రం పిన్నికి చెప్పేవాణ్ణి, కనబడ్డాడు అని. ఆవిడ తల ఊపేది.

ఆ శనివారం మా డెలానీపూర్ ఆఫీసులోంచి ఒక ఫైలు తీసుకుని ఊరవతలికి వెళ్లాలి. పదింటికి క్రీకు దగ్గర స్కూటర్ నెమ్మది చేశాను. గొడుగు తూర్పుకు వంగి ఉంది. దాని అంచు పక్కనుంచి మోచేయి ఒకటి బయటికి వచ్చి లోపలికి వెళ్లింది. తాడు లాగి చూసుకుంటున్నాడు. అప్పటికి బతికే ఉన్నాడు.

పని అయి తిరిగి వచ్చేసరికి రెండయింది. ఎండ పడమటినుంచి కొడుతోంది. గొడుగు తూర్పుకే వంగి ఉంది. ఆకుపచ్చ గుడ్డ, దాని వెనక ఏమీ కనబడలేదు.

బండి ఆపలేదు కానీ, ఆగినంత నెమ్మది చేశాను. అప్పుడు అనుకున్న మాటలన్నీ గుర్తున్నాయి. కునుకు పట్టి ఉంటుంది అనుకున్నాను. పెద్ద చేప తగిలి చేయి ఖాళీ లేక తిప్పలేదేమో అనుకున్నాను. పిలుద్దామా అనుకున్నాను. రోడ్డునుంచి పిలిస్తే వెనకనుంచి పిలిచినట్టే. దిగి పక్కగా వెళ్లాలంటే బురదలో నూటయాభై గజాలు. ఆకలిగా ఉంది. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. కాసేపు నిద్రపోయాను కూడా.

ఐదింటికి విసురువల వేసుకునే ఒకతను ఆ గట్టు మీదుగా వస్తూ చూశాడు. అతనిదీ బాబాయ్ వాళ్ల నాన్న ఊరే. అతను కూడా పక్కగా వచ్చి, పది అడుగుల దూరంలో కూర్చుని, ఆయన మాట్లాడతాడని పావుగంట ఎదురుచూశాడట. పోటు నీళ్లు గట్టెక్కి ఆయన కాళ్లను తాకుతున్నా కదలకపోతే అప్పుడు లేచి వెళ్లాడు. గాలం తాడు వేలికి చుట్టుకునే ఉంది.

పదకొండు, పన్నెండు మధ్య పోయి ఉంటాడని డాక్టరు అన్నాడు. గుండె, ఒక్కసారిగా. అంటే నేను రెండోసారి వెళ్లేసరికే రెండు గంటలు దాటింది. నేను ఆగినా ఆయన బతకడు. ఈ లెక్క నిజమే కావచ్చు. కానీ రెండు గంటలకు రోడ్డు మీద ఉన్నప్పుడు ఆ లెక్క నాకు తెలియదు.

ఆ పదకొండు రోజులూ వచ్చినవాళ్లందరూ ఒకటే మాట అన్నారు. అదృష్టవంతుడు, మంచం పట్టలేదు, ఒకరిచేత చేయించుకోలేదు, గాలం పట్టుకునే పోయాడు అని. నేను కుర్చీలు వేశాను, టీలు అందించాను. పదకొండో రోజు పిన్ని నన్ను చూపించి శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆడపడుచుతో అన్నది:

"ఈ బాబు కొడుకు లెక్క. అటు ఎల్లినప్పుడల్లా సూసి వొచ్చి సెప్పేవోడు. ఈ బాబు సూత్తన్నాడనే నాను దైర్నంగా ఉండేదాన్ని."

ఆ ఆడపడుచు నా చేయి పట్టుకుంది. నేను చేయి తీసుకోలేకపోయాను, ఉంచలేకపోయాను.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వెళ్లేవాణ్ణి. చెబుదామనే వెళ్లేవాణ్ణి. ఆవిడ భోజనం పెట్టేది, తినేసి వచ్చేవాణ్ణి. చెప్పడం ఎవరికోసం అన్న ప్రశ్న ఒకటి ఉండేది. ఆవిడ కొంచెం కుదుటపడింది, ఇప్పుడు చెప్పి ఏం చేస్తాను, నా బరువు దించుకోవడం తప్ప? ఈ ఆలోచన న్యాయంగానే కనబడేది. న్యాయంగా కనబడుతూనే నాకు అనుకూలంగా కూడా ఉండేది. అందుకే దాన్ని నమ్మలేదు.

కిందటి నెల ఒక సాయంత్రం ఆవిడ గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"పిన్నీ, ఆ రోజు రెండింటికి నేను ఆ దారినే వచ్చాను."

"తెల్సు. పదింటికి సూసేనని సెప్పేవు కదా."

"పదింటికి ఒకసారి. రెండింటికి మళ్లీ."

ఆకు దూస్తున్న చేయి ఆగలేదు. "ఊఁ."

"గొడుగు చూశాను. మనిషి కనబడలేదు."

"ఎటు వొంగి ఉంది?"

"తూర్పుకు."

చేయి ఆగింది.

"రెండింటికి తూర్పుకా?"

"అవును."

"నీకు తెల్సు."

"తెలుసు పిన్నీ. పిలుద్దామనుకున్నాను. పిలిస్తే తాడు చుట్టేసి తిడతాడని..."

"తిడతాడు." ఆవిడ నా మొహంవైపు చూసింది. "నన్నూ తిట్టేవోడు. నలభై మూడేళ్లు తిట్టించుకున్నాను. తిట్టించుకుంటే ఏటైపోద్ది బాబు?"

రోడ్డు మీద ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. ఆవిడ ఈనెలు ఒక పక్కకు, ఆకు ఒక పక్కకు నెట్టింది. కోపం ఉందేమోనని చూశాను. ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా ఉంది, అంతే.

"నువ్వు పిలిసుంటే బతికేవోడని నాననను," అన్నది. "ఎవులన్నా నానొప్పుకోను. కానీ మూడు గంటలు ఒక్కడే ఉండేవోడు కాదు. నీరొచ్చి కాళ్లు తడిసిందాకా ఉండేవోడు కాదు. నాను అన్నం తినేసి తొంగున్నాను ఆయేళ. నువ్వు సూత్తన్నావు కదా అని."

"నేనూ తిని పడుకున్నాను పిన్నీ."

ఆ మాట చెప్పనక్కర్లేదేమో. కానీ వచ్చేసింది. ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. మునగాకు చేటలోకి ఎత్తుకుని లేచింది. మోకాళ్ల నొప్పి ఆవిడకు. మామూలుగా అయితే నేను చేయి అందిస్తాను. ఆ రోజు అందించాలో లేదో తెలియక లేచి నిలబడ్డాను. గుమ్మం పట్టుకుని తనే లేచింది.

"కొన్నాళ్లు రాకు బాబు," అన్నది. గొంతు మామూలుగానే ఉంది. "నాను పిలుత్తాను."

"సరే పిన్నీ."

లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చింది. ఏదో మర్చిపోయినట్టు కాసేపు నన్ను చూసింది. "తిన్నావా?" అని అడగబోయిందనుకుంటాను, రోజూ అడిగే మాట అది. అడగలేదు. తలుపు దగ్గరగా వేసింది.

ఇరవై రెండు రోజులైంది. ఆఫీసుకు రోజూ ఆ ఇంటి ముందునుంచే వెళ్తాను, వేరే దారి ఉన్నా. ఆవిడ గుమ్మంలో కనబడితే బండి నెమ్మది చేస్తాను. ఆవిడ నన్ను చూస్తుంది. ఇంకా పిలవలేదు.